ఎంబడి: లాల్‌దర్వాజా గడప మీద యేసు పిలుపు

ఆషాఢంలో చివరి ఆదివారం లాల్‌దర్వాజా సింహవాహిని మహాకాళి గుడికి పోయే గల్లీలన్నీ పసుపు, వేపాకు వాసనతో నిండిపోతాయి. కొత్త కుండకు పసుపు కుంకుమలు పూస్తారు. వేపమండలు చుడతారు. పాలు, బెల్లం వేసి వండిన అన్నం అందులో పెట్టి, పైన దీపం వెలిగించి ఆడవాళ్లు బోనం నెత్తికెత్తుకుంటారు. ముందు డప్పులు, పోతరాజులు. వెనక ఇల్లిల్లూ కదిలి వస్తుంది. మరునాడు రంగం, ఘటాల ఊరేగింపు. గోల్కొండలో మొదలైన బోనాలు ఇక్కడికి వచ్చేసరికి పట్నమంతటి పండుగ అవుతాయి. 1908లో మూసీకి వరద వచ్చినప్పుడు మహారాజా కిషన్ పర్షాద్ సలహా మీద ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఈ అమ్మవారికి మొక్కి నదికి కానుకలు సమర్పించాడని పాతబస్తీలో నేటికీ చెప్పుకుంటారు. ఆ కథలో చరిత్ర ఎంతన్నది అటుంచితే, ఈ మొక్కు ఒక్క ఇంటిది కాదని, నది పొంగితే మునిగే అందరిదీ అని అది గుర్తుచేస్తుంది. బోనం ఎత్తనన్న మనిషి దేవతను కాదన్నట్టే కాక ఊరిని కూడా కాదన్నట్టు ఎందుకు కనిపిస్తుందో ఇక్కడ అర్థమవుతుంది.

మరి యేసును నమ్ముకున్న కోడలు ఆ ఇంటి బోనం ఎత్తాలా?

బోనాలు చేసే వాడకట్టుల్లో క్రైస్తవ కుటుంబాలున్న చోటల్లా ఏటా వచ్చే ప్రశ్న ఇది. పాస్టరుగారి దగ్గర దీనికి ఒక్క వాక్యంలో జవాబుంటుంది. అత్తగారి దగ్గరా ఒక్క వాక్యంలోనే ఉంటుంది. ఆ రెండు వాక్యాల నడుమ నిలబడ్డ మనిషి పరిస్థితిని సువార్తల ముందు, తెలుగు క్రైస్తవ చరిత్ర ముందు పెట్టి చూడడమే ఈ వ్యాసం పని. యేసు పిలుపులో ‘రా’ అన్న మాట ఎంత ఉందో ‘రాకపోవచ్చు’ అన్న స్వేచ్ఛ కూడా అంతే ఉందని, ఆ స్వేచ్ఛను తీసేసిన చోట, తీసింది సంఘమైనా ఇల్లయినా సర్కారైనా, పిలుపు పిలుపుగా మిగలదని నా వాదం. నేను క్రైస్తవుణ్ణి. ఈ ప్రశ్నను బయట నిలబడి చూడలేదన్న సంగతి పాఠకులకు మొదటే చెప్పడం న్యాయం.

వెంబడించు, ఎంబడి, ఎంబడే

యేసు పిలుపును చెప్పడానికి తెలుగు క్రైస్తవులు వాడే క్రియ ‘వెంబడించు’. సంఘం బయట దీని అర్థం మారిపోయింది. పోలీసులు దొంగను వెంబడిస్తారు; వీధికుక్క సైకిలును వెంబడిస్తుంది. పట్టుకోవడానికి తరమడం అన్నదే ఇవాళ్టి పత్రికల భాషలో దాని అర్థం. అందుకే చర్చి గడప తొక్కని వాళ్లకు ‘యేసును వెంబడిస్తున్నాను’ అన్న సాక్ష్యం వింతగా తోస్తుంది. అయితే తెలంగాణ వాడుకలో దీని పాత అర్థం చెక్కుచెదరలేదు. ‘పిల్లగాడు తల్లి ఎంబడి పోయిండు’ అంటే ఆమెకు తోడుగా, ఆమె వెనకాలే వెళ్లాడని. ‘నా ఎంబడి ఎవ్వరు లేరు’ అంటే ఒంటరినని. ఇందులో తరమడం లేదు, పట్టుకోవడం లేదు. ఒకరు ముందు నడుస్తున్నారు, ఇంకొకరు వాళ్ల అడుగు చూసుకుంటూ నడుస్తున్నారు, అంతే. గ్రీకు సువార్తల్లోని ‘అకోలుతేయో’ అన్న క్రియ పుట్టుక కూడా ఇదే: దారి అన్న మాటకు ‘కలిసి’ అన్న అర్థమిచ్చే ఉపసర్గ చేరి, ఒకే దారిన నడవడమని తేలుతుంది. గ్రాంథికపు బైబిలు మాటకు అసలు అర్థం చెప్పడానికి పాతబస్తీ తెలుగు అక్కరకు రావడం నాకెంతో సంతోషం కలిగించిన విషయం.

దాని పక్కనే ఇంకో మాట ఉంది. ‘ఎంబడే’ అంటే తక్షణం. ‘చెప్పిన ఎంబడే వచ్చిండు.’ మార్కు సువార్తలో జాలర్లు వలలు వదిలిన తీరు ఇదే. పిలిచాడు, ఎంబడే లేచారు, ఎంబడి నడిచారు. నిర్ణయమంటే మెరుపులాంటిదని, ఆ క్షణం దాటితే పోయినట్టేనని సువార్త సభల్లో చెప్పే బోధకు ఆధారం ఈ ఘట్టమే. లూకా సువార్త పద్నాలుగో అధ్యాయంలో మాత్రం యేసు దీనికి ఎదురుగా నిలిచే ఉపమానం చెబుతాడు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుంటాడు. చేతిలో ఎంత ఉందో, ఎంత అవుతుందో లెక్క చూసుకుంటాడు. చూసుకోకుండా పునాది వేసి ఆపేస్తే ఊరు నవ్వుతుంది. వెనకాల పెద్ద గుంపు నడుస్తున్నప్పుడు, ఆ గుంపు వైపు తిరిగి మరీ చెప్పిన మాట ఇది. జనాన్ని పెంచుకోవాలనుకునే నాయకుడెవరూ ఆ సమయంలో అలా మాట్లాడడు.

తెలుగులో సువార్తలు మొదట అచ్చయినప్పుడు ఆ పనిలో ఉన్నవాళ్లలో ఒకరికి ఈ లెక్క స్వయంగా తెలుసు. విశాఖపట్నంలో లండన్ మిషన్‌కు చెందిన అగస్టస్ డిగ్రాంజెస్‌కు తోడుగా పనిచేసిన ఆనందరాయరు బ్రాహ్మణ్యం విడిచి క్రైస్తవుడైనవాడు. వాళ్లు తెలుగు చేసిన మూడు సువార్తలు 1812లో సెరంపూరులో అచ్చయ్యాయి. ఇల్లు విడిచిన మనిషి ‘ఇల్లు విడిచి’ అన్న మాటకు తెలుగు వెతుకుతుంటే ఆ గదిలో ఎలా ఉండి ఉంటుందోనని నేను చాలాసార్లు అనుకున్నాను.

వెళ్లిపోయినవాడు, పంపబడ్డవాడు

యేసు పిలిచిన ప్రతిసారీ జనం వచ్చారన్న అభిప్రాయం సువార్తలు చదివినవారిలో కూడా ఉంది. మార్కు పదో అధ్యాయంలోని ధనవంతుడు రాలేదు. అడగవలసింది అడిగాడు, జవాబు విన్నాడు, ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. యేసు అతణ్ణి ప్రేమగా చూశాడని ఆ సువార్త ప్రత్యేకంగా రాస్తుంది. ప్రేమించినవాడే వెనక పరుగెత్తలేదు, ఆస్తిలో సగం చాలులే అని బేరం తగ్గించలేదు, శపించనూ లేదు. అతడు నడిచి వెళ్లేందుకు దారి విడిచాడు. యోహాను ఆరో అధ్యాయంలో చాలామంది శిష్యులు వెనుదిరిగాక, మిగిలిన పన్నెండుమందిని మీరూ వెళ్తారా అని అడిగాడు. అది బెదిరింపు కాదు. నిజంగా అడిగిన ప్రశ్న.

ఇంతకంటే తక్కువగా ప్రసంగాల్లో వినిపించే ఘట్టం మార్కు ఐదో అధ్యాయంలో ఉంది. గెరాసేనుల దేశంలో దయ్యాలు వదిలిన మనిషి, నీ దగ్గరే ఉంటానని బతిమాలాడు. యేసు ఒప్పుకోలేదు. ఇంటికి పొమ్మన్నాడు, నీ వాళ్లకు చెప్పమన్నాడు. ఎంబడి వస్తానన్నవాణ్ణి ఇంటికి పంపాడు! అంటే గడప దాటి వెళ్లిపోవడం ఒక్కటే వెంబడించడం కాదు. కొందరికి గడప లోపలికి తిరిగి వెళ్లడమే ఆ దారి. ఇంటిని వదలమని ఒకరికి, ఇంటికి వెళ్లమని ఇంకొకరికి చెప్పినవాడు ఒక్కడే అన్న సంగతి మరిచిపోతే, లాల్‌దర్వాజా కోడలికి మనమిచ్చే సలహా ఏదైనా సగమే అవుతుంది.

తండ్రిని పాతిపెట్టి వస్తానన్న మనిషికి యేసు ఇచ్చిన కఠినమైన జవాబు తెలుగువాళ్ల చెవికి మరీ కఠినంగా తగులుతుంది. మన దగ్గర అది తలకొరివి మాట. పెద్దకొడుకు బాప్తిస్మం తీసుకుంటే తండ్రి చితికి నిప్పు ఎవరు పెట్టాలి? పిండం ఎవరు పెట్టాలి? పంతొమ్మిదో శతాబ్దపు తెలుగు బ్రాహ్మణ, వెలమ ఇళ్లలో మతాంతరమంటే ఒక మనిషి పోవడమే కాదు, పోయినవాళ్లకు అన్నం పెట్టే చెయ్యి పోవడం. దీన్ని అర్థం చేసుకోకుండా ఆ తల్లిదండ్రులను సువార్త విరోధులుగా చిత్రించిన మిషనరీ రచనలు వాళ్ల దుఃఖానికి న్యాయం చేయలేదు.

ఎవరి లెక్క వారిది

రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో బడి పెట్టాడు. 1852లో ఆ బడి విద్యార్థులు ఐనాల భూషణం అనే బ్రాహ్మణ యువకుడు, మంచాల రత్నం అనే వెలమ యువకుడు బాప్తిస్మం తీసుకున్నారు. పట్నం అట్టుడికింది. బడి దాదాపు ఖాళీ అయింది. వాళ్లకంటే ముందు, 1833లో, పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌదరి ఆ దారినే నడిచాడు. తర్వాత ఆయన రాసిన కీర్తనలు తెలుగు సంఘాలు ఇవాళ్టికీ పాడుకుంటాయి. ఈ ముగ్గురి లెక్కలో పోయేవి కులం, ఇల్లు, వారసత్వం. ఒక మనిషి ఒక రాత్రి కూర్చుని తేల్చుకోగలిగిన లెక్క అది, ఎంత బాధాకరమైనదైనా.

ఒంగోలు కథ వేరు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో అక్కడికి చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో సంఘం ఏర్పడింది. మొదట్లో పై కులాలవాళ్లు వినడానికి వచ్చేవారు. మాదిగలను చేర్చుకుంటే మేం రామన్నారు. క్లౌ దంపతులకు ఆ రోజుల్లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, లోకం తక్కువగా చూసినవాళ్లను దేవుడు ఎన్నుకున్నాడన్న భాగం విడివిడిగా కంటబడిందని, దాన్నే జవాబుగా తీసుకున్నారని వాళ్ల వృత్తాంతం. ఇక్కడ ఎంపిక చేసుకోవలసి వచ్చింది మిషనరీ. ఎవరి వెంట నడవాలో, ఎవరిని పోనివ్వాలో ఆయన తేల్చుకోవలసి వచ్చింది.

అయితే ఒంగోలు ఉద్యమానికి అసలు మూలపురుషుడు క్లౌ కాడు, ఎర్రగుంట్ల పేరయ్య. మాదిగ పల్లెలో పుట్టి, తోలుపని చేసుకుంటూ, యోగమార్గంలో గురువును ఆశ్రయించి ధ్యానం చేసినవాడు. ఆయనా, ఆయన భార్యా 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన పుస్తకంలో ఆ పల్లెల ఆధ్యాత్మిక అన్వేషణ కనిపిస్తుంది. అందులో నాకు ముఖ్యమనిపించేది ఒకటే: మిషనరీ రాకముందే వాళ్లు వెతుకుతున్నారు. ఖాళీ పాత్రల్లో ఎవరో వచ్చి మతం పోసిపోలేదు.

కొత్తగా చేరేవాళ్లకు క్లౌ మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయవద్దు. చచ్చిన పశువు మాంసం తినవద్దు. విగ్రహాలను పూజించవద్దు. కాగితం మీద ఇవి మత నియమాలు. పల్లెలో అవి ఆర్థిక నియమాలు. చచ్చిన గొడ్డును లాగడం, తోలు తీయడం, చెప్పులూ మోటబొక్కెనలూ కుట్టడం, ఊరి దేవత జాతరలో డప్పు కొట్టడం, ఇవన్నీ మాదిగవాడి మీద ఊరు మోపిన బాధ్యతలు. వాటికి బదులుగానే కళ్లంలో గింజలు దక్కేవి. జాతరలో డప్పు కొట్టనంటే కళ్లంలో మేర ఉండదు. ఆదివారం పొలానికి రానంటే సోమవారం పని ఉండదు. కొన్నిచోట్ల బావి దారి మూసుకుపోయింది. ఇలాంటి లెక్కను ఒక్క మనిషి కూర్చుని తేల్చుకోలేడు. పల్లె పల్లెంతా కూర్చోవాలి. పెద్దలు మాట్లాడుకోవాలి. అందుకే వాళ్లు కుటుంబాలుగా, పల్లెలుగా వచ్చారు. ‘గుంపుగా వచ్చినవాళ్లది నిజమైన నిర్ణయం కాదు’ అన్న విమర్శ అప్పటినుంచీ ఉంది. జె. వాస్కమ్ పికెట్ 1933లో భారతదేశపు సామూహిక ఉద్యమాల మీద ప్రచురించిన అధ్యయనానికి నేపథ్యం ఈ చర్చే. ఒంటరిగా నిర్ణయించుకోగల స్తోమత ఉన్నవాళ్లు చేసే విమర్శ అది అని నేననుకుంటాను. ఒంటరిగా వెళితే ఆకలితో చచ్చే మనిషికి ‘మేము’ అనడమే స్వేచ్ఛ.

1876లో మొదలైన మహా కరువులో ఈ స్వేచ్ఛకు పరీక్ష వచ్చింది. జనానికి పని చూపించడానికి క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకున్నాడు. వేలాదిమంది అక్కడ పనిచేసి బతికారు, బోధకులనుంచి విన్నారు, బాప్తిస్మం అడిగారు. ఏడాదికి పైగా ఆయన ఒక్కరికీ ఇవ్వలేదు. బియ్యం కోసం వచ్చారన్న మాట రాకూడదు. నిజంగానే బియ్యం కోసం ఎవరూ రాకూడదు. సాయం ఆగిపోయాక, ఇవ్వడానికి తన చేతిలో ఏమీ లేని రోజున తలుపు తీశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి ఇచ్చారు. ఆ ఏడాది చివరికి ఆ లెక్క 9,606కు చేరింది. మిషన్ చరిత్రలు ఈ అంకెల దగ్గర ఆగి ఆనందిస్తాయి. నా మనసు మాత్రం వాటికి ముందున్న ఆ ఖాళీ నెలల మీద నిలుస్తుంది. అడిగినా ఇవ్వని ఆ కాలమే, వచ్చినవాళ్ల నిర్ణయాన్ని వాళ్లదిగా కాపాడింది.

డప్పు సంగతి ఇంకొంచెం చెప్పాలి. బానిసతనపు గుర్తుగా ఒక తరం దాన్ని కింద పెట్టింది. పెట్టడానికి వాళ్లకు హక్కుంది. హైదరాబాదులో 1906లో జగన్మిత్ర మండలి స్థాపించిన భాగ్యరెడ్డి వర్మ క్రైస్తవుడు కాడు, ఆయన కూడా జంతుబలులకు, జోగిని ఆచారానికి ఎదురు నిలిచాడు. దేవత జాతరలో తమ వంతుకు వచ్చిన పనిని కాదనే ఆలోచన దళితుల్లో చర్చి గోడల లోపలే పుట్టలేదన్నమాట. తర్వాతి తరాలు ఆ వాద్యాన్ని మరో కంటితో చూశాయి. 1998లో వచ్చిన వేదాంతి సత్యనాథన్ క్లార్క్ పుస్తకం తమిళ పల్లెల పరై డప్పు మోతలో క్రీస్తును గురించి ఆలోచించింది. కింద పెట్టడమూ, మళ్లీ చేతికి తీసుకోవడమూ రెండూ వెంబడించడమే కావచ్చు. ఎవరు, ఎప్పుడు, ఎవరి బలవంతం లేకుండా అన్నదే తేడా.

రహస్యమా, బహిరంగమా

హైదరాబాదు క్రైస్తవులకు బక్త్ సింగ్ పేరు చెప్పనక్కర్లేదు. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో చదువుకుంటూ కొత్త నిబంధన చదివి, 1932 ఫిబ్రవరిలో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1933లో బొంబాయిలో ఓడ దిగినప్పుడు తల్లిదండ్రులు ఎదురొచ్చారు. నమ్ముకుంటే నమ్ముకో, వంశం పరువు కోసం బయటికి చెప్పకు అన్నారు. నిజానికి వాళ్లు చాలా ఇచ్చారు. ఆయన ఒప్పుకోలేదు. వాళ్లు ఆయన్ని అక్కడే విడిచి వెళ్లిపోయారు. ఆ మనిషే తర్వాత హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా దేశమంతటా సంఘాలు కట్టి, 2000 సెప్టెంబరులో ఇక్కడే కన్నుమూశాడు.

అదే కాలంలో ఆంధ్రలో ఇందుకు పూర్తిగా భిన్నమైన జవాబు వచ్చింది. మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు (1912–1981) బడి ప్రధానోపాధ్యాయుడు, మతమంటే గిట్టనివాడు. 1942లో తనకు క్రీస్తు దర్శనమైందన్నాడు. ఆనాటినుంచీ యేసును గురువుగా ఎంచి పాటలు రాశాడు, ప్రార్థించాడు. స్వస్థత కోసం జనం ఆయన ఇంటికి వచ్చేవారు. కానీ బాప్తిస్మం తీసుకోలేదు. సంఘంలో చేరలేదు. పాదిరీలను ఘాటుగా విమర్శించాడు. బాప్తిస్మం క్రీస్తు దగ్గరికి తీసుకుపోయే బదులు మరో కులంలోకి తీసుకుపోతోందన్నది ఆయన అభియోగం. డేనిష్ చరిత్రకారుడు కాయ్ బాగో 1968లో ఆయన ఉద్యమం మీద పుస్తకం రాశాడు. క్రీస్తుకు చెందడానికి హిందువు క్రైస్తవ మతంలోకి రావలసిన పనిలేదని బాగో అంతకు రెండేళ్ల ముందే వాదించి ఉన్నాడు. 1970ల్లో క్రైస్తవ వేదాంతులు ఎం.ఎం. థామస్, లెస్లీ న్యూబిగిన్‌ల మధ్య సాగిన వాదోపవాదాల్లో ఇదే ప్రశ్న మళ్లీ తలెత్తింది.

సుబ్బారావు అభియోగంలో సత్యముంది. పేరు, వేషం, పెళ్లి సంబంధాలు, శ్మశానం వేరై సంఘమే ఒక కులంలా గట్టిపడిన చోట్లు మనకు తెలుసు. అయినా ఆయన జవాబును నేను పూర్తిగా ఒప్పుకోలేను. పెద్దకులపు ఉపాధ్యాయుడికి సంఘం అక్కర్లేకపోవచ్చు. ఒంగోలు పల్లెల్లో బావి మూసినప్పుడు మనుషుల్ని నిలబెట్టింది ఒకరికొకరు తోడున్న సంఘమే. బహిరంగంగా కలిసి తిన్న రొట్టె వాళ్లకు కర్మకాండ కాదు. పక్కన కూర్చోనివ్వని ఊళ్లో పక్కన కూర్చోవడం అది. బక్త్ సింగ్ ధైర్యాన్ని అందరికీ కొలబద్దగా పెట్టడం కూడా న్యాయం కాదు. సువార్తల్లో రాత్రిపూట వచ్చిన నీకొదేము ఉన్నాడు. యూదుల భయంతో రహస్యంగా శిష్యుడైన అరిమతయియ యోసేపు ఉన్నాడు. పగటి శిష్యులు పారిపోయిన సాయంత్రం దేహాన్ని దించి సమాధి చేసింది ఆ ఇద్దరే.

సర్టిఫికెట్

నేటి దళిత విశ్వాసికి రహస్యం ఇంటి పరువుతో ముడిపడింది కాదు, కాగితంతో ముడిపడింది. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ మతం కాక వేరే మతం అవలంబించినవారు షెడ్యూల్డ్ కులస్థులు కారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు వచ్చింది. క్రైస్తవులకూ ముస్లింలకూ రాలేదు. మతం మారినా కులవివక్ష పోలేదు కదా అన్న వాదాన్ని 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు విన్నది. మారాక కూడా అదే తీవ్రతతో వెనుకబాటు ఉందని రుజువు కావాలంది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతానికి ముడిపెట్టవద్దని సిఫారసు చేసింది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ ఏర్పడింది. మన రాష్ట్రాల్లో క్రైస్తవులైన షెడ్యూల్డ్ కులాలవారు బి.సి. ‘సి’ వర్గంలోకి, ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వెళతారు. మతం మారినవారు షెడ్యూల్డ్ కుల హోదాతో పాటు అత్యాచారాల నిరోధక చట్టం రక్షణనూ కోల్పోతారని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పునిచ్చింది.

రాజ్యాంగం ఇరవై అయిదో అధికరణం అంతరాత్మ స్వాతంత్ర్యాన్ని ఇస్తుంది. మూడో పేరా దానికి వెల కడుతుంది. ఈ రెంటి మధ్య బతుకుతున్న విశ్వాసి కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటి అయితే అతణ్ణి అబద్ధికుడని పిలవడానికి నాకు నోరు రాదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్రైస్తవులు 1.34 శాతం. ఈ అంకెలో విశ్వాసం ఎంత, భయం ఎంత అన్నది జనాభా లెక్క చెప్పలేదు. గోపురం కట్టేవాడు లెక్క చూసుకోవాలని యేసు చెప్పాడు. ఆ గోపురం మీద సర్కారు పన్ను వేయాలని ఆయన చెప్పలేదు.

పళ్లెం, బోనం

తిరిగి లాల్‌దర్వాజాకు వద్దాం. కొరింథు కూడా ఇలాంటి పట్నమే. గుళ్లు, బలులు, బలి మాంసం అమ్మే అంగళ్లు, పండుగ విందులకు పిలిచే ఇరుగుపొరుగు. అక్కడి విశ్వాసులు అడిగిన ప్రశ్నకు పౌలు వాళ్లకు రాసిన మొదటి పత్రికలో ఎనిమిదినుంచి పదో అధ్యాయం వరకు జవాబు రాశాడు. చాలామంది బోధకులు అందులోంచి ఒక్క వాక్యం తీసుకుని నిషేధం విధిస్తారు. పౌలు నిజానికి మూడు సందర్భాలను మూడు రకాలుగా చూశాడు. దేవత బల్ల దగ్గర పాలుపంచుకోవడం కుదరదన్నాడు. అంగట్లో అమ్మే మాంసాన్ని విచారించకుండా తినమన్నాడు. పొరుగువాడు భోజనానికి పిలిస్తే వెళ్లాలనుకుంటే వెళ్లి పెట్టింది తినమన్నాడు. ఇది బలిదని ఎవరైనా ప్రత్యేకంగా ఎత్తి చెబితే, చెప్పినవాడి మనస్సాక్షి కోసం ఆగమన్నాడు.

‘వదినా, మా ఇంట్ల బోనాలు, తిననీకి రండ్రి’ అన్న పిలుపు ఈ మూడింటిలో మూడోది. ఆ పళ్లెంలో ఉన్న మాంసం కూర, పూరీలు ముందు ప్రేమ. క్రిస్మస్‌కు మనం పంపిన కేకును వాళ్లు శంకించకుండా తిన్నారు. నా ఉద్దేశంలో విశ్వాసి ఆ ఇంటికి వెళ్లాలి, తినాలి. తినలేననుకున్న బలహీనమైన మనస్సాక్షి ఉన్నవారిని ఎవరూ వెక్కిరించకూడదు, అదీ పౌలు మాటే.

బోనం ఎత్తడం వేరు. ‘భోజనం’ అన్న మాటనుంచి వచ్చిన ఆ కుండ మొక్కు. ఇంకొకరి మొక్కును గౌరవించవచ్చు గాని, నాది కాని మొక్కును నాదిగా నెత్తికెత్తుకుంటే అమ్మవారి పట్లా అది నిజాయితీ కాదు. ఇంతవరకు నా జవాబు పాస్టరుగారి జవాబే. తేడా ఆ తర్వాత వస్తుంది. రాజుల రెండో గ్రంథంలో సిరియా సేనాని నయమాను, యెహోవాను నమ్మాక, ఒక మినహాయింపు అడిగాడు. తన రాజు రిమ్మోను గుడిలో తన చెయ్యి ఆనుకుని మొక్కేటప్పుడు తానూ వంగవలసి వస్తుందని, దాన్ని క్షమించమని. ప్రవక్త ఎలీషా నీతులు చెప్పలేదు, ఆజ్ఞ ఇవ్వలేదు. సమాధానంతో వెళ్లమన్నాడు. ఆ జవాబులో అనుమతి ఉందా అన్న చర్చ వ్యాఖ్యాతలు చేస్తూనే ఉన్నారు. నాకు కనిపించేది ఇంతే: వంగాల్సిన మనిషి ఏం మోస్తున్నాడో ప్రవక్త చూశాడు. అత్తకు మోకాళ్ల నొప్పులు, ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు, కోడలు బియ్యం కడిగి పాలు కాచి అన్నం వండి ఇచ్చింది. అది పాపమా, సేవా? ఆ పొయ్యి ముందు కూర్చోని మనం ఆమె తరఫున తేల్చేది కాదు అది.

సుల్తాన్‌షాహీ లాల్‌దర్వాజాకు నడక దూరం. 1990 డిసెంబరు అల్లర్ల తర్వాత ఆ బస్తీలో హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ పనిచేయడం మొదలుపెట్టింది. ఆ సంస్థ 1930లో లాహోరులో పుట్టింది, ముస్లింల మధ్య సువార్త పనికి క్రైస్తవులను సిద్ధం చేయడానికి. 1971లో హైదరాబాదుకు వచ్చింది. కత్తిపోట్లు చూసిన గల్లీలో అది హిందూ ముస్లిం ఆడవాళ్లు ఒకే చోట కూర్చుని పని నేర్చుకునే అవకాశం కల్పించింది, పిల్లలకు చదువు చెప్పించింది. మతం మార్చుకోమని అడగలేదు. పిలుపు మానేశారని కొందరు విశ్వాసులు నొచ్చుకున్నారు. గుండ్లకమ్మ దగ్గర తలుపు మూసి ఉంచిన ఆ నెలలు గుర్తున్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. చేతిలో సాయం ఉన్నప్పుడు నోట్లో షరతు ఉండకూడదన్న జాగ్రత్త అప్పటిదే.

ఇంక మిగిలింది తోటికోడళ్ల సంగతి. ఒకే ఇంట ఇద్దరూ యేసును నమ్ముకుంటారు. ఒకామె బోనం ఎత్తననేసి మాటలు పడుతుంది. రెండో ఆమె ఎత్తి, ఆదివారం చర్చిలో ఎవరి కళ్లలోకీ చూడదు. మొదటామెకు కోపం, రెండో ఆమెకు సిగ్గు. ఇద్దరి చూపూ ఒకరి మీద ఒకరికే. సువార్తల్లో యేసు ‘వెంబడించు’ అని చివరిసారి అన్నది కూడా ఇలాంటి చూపుకు జవాబుగానే. తిబెరియ తీరాన, తెల్లవారి, చేపలు కాల్చుకుని తిన్నాక, పేతురు వెనక్కి తిరిగి ఇంకో శిష్యుణ్ణి చూశాడు. మరి ఇతని సంగతేమిటని అడిగాడు. అతని సంగతి నీకెందుకన్నాడు యేసు, నువ్వు మాత్రం నా ఎంబడి రమ్మన్నాడు. పేతురు ఏం జవాబు చెప్పాడో యోహాను రాయలేదు.